మోటారు సైకిలు కార్బరేటరు: గాలి, పెట్రోలుల పాళ్ళు

మోటారు సైకిలు నేడు విలాస వస్తువు కాదు. తెల్లవారకముందే పాల క్యానులను మోయునది, కూరగాయల బుట్టలను మార్కెట్టునకు చేర్చునది, తండ్రిని పనికిని బిడ్డను కళాశాలకును కొనిపోవునది అదియే. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమున అమలునకు వచ్చిన భారత్ స్టేజ్ 6 నిబంధనల వలన క్రొత్త మోటారు సైకిళ్ళలో కార్బరేటరు స్థానమును ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించినది. అయినను అంతకుముందు తయారైన బళ్ళు ఇంకను అసంఖ్యాకముగా మన వీధులలో తిరుగుచునే ఉన్నవి.

ఈ బళ్ళ విషయమై ఒక నమ్మకము బలముగా పాతుకొని ఉన్నది. కార్బరేటరు స్క్రూను ఒకింత త్రిప్పి పెట్రోలు తగ్గించినచో మైలేజీ పెరుగునని పలువురు తలంతురు. ఈ నమ్మకము ఎంతవరకు సత్యము? ఏ మేరకు ప్రమాదకరము? మిశ్రమమును సరిచేయు పద్ధతి యేది? ఈ ప్రశ్నలకు మన తరగతి గదిలోని భౌతిక, రసాయన శాస్త్రముల సాయముతో సమాధానము చెప్పుటకు మేము ఈ వ్యాసమున ప్రయత్నించెదము.

పాళ్ళ లెక్క

పెట్రోలు తనంత తాను మండదు. దానిలోని కార్బన్, హైడ్రోజన్‌లు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినప్పుడే దహనము జరుగును. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. ఇది బరువు లెక్క. ఘనపరిమాణములో చూచినచో ఆశ్చర్యము కలుగును. ఒక లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి అవసరము! కావున ఇంజను పెట్రోలు కంటె ఎన్నో రెట్లు ఎక్కువగా గాలిని త్రాగునని చెప్పవచ్చును.

అయితే అన్ని వేళల ఒకే పాలు పనికిరాదు. గరిష్ఠ శక్తి కావలసినప్పుడు ఒక పాలు పెట్రోలుకు పన్నెండున్నర మొదలు పదమూడు పాళ్ళ గాలి చాలును. నిలకడగా సాగుచు పొదుపు కోరినప్పుడు పదిహేను, పదహారు పాళ్ళ వరకు పోవచ్చును. పెట్రోలు ఎక్కువైన మిశ్రమమును మెకానిక్కులు రిచ్ అనియు, గాలి ఎక్కువైనదానిని లీన్ అనియు పిలిచెదరు.

రిచ్ అయినచో పెట్రోలు కొంత మండకయే పోవును. సైలెన్సరు నుండి నల్లని పొగ వచ్చును, ప్లగ్గుకు మసి పట్టును, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ పెరుగును. ఈ దోషము కంటికి కనబడును. లీన్ దోషము అట్లు కనబడదు. పలుచని మిశ్రమము నెమ్మదిగా మండును. ఎగ్జాస్టు వాల్వు తెరచుకొను వేళకు కూడ మంట పూర్తిగా చల్లారదు. బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను మితిమీరి వేడెక్కును, పికప్పు తడబడును, కార్బరేటరులో టపటప శబ్దము వినవచ్చును. అప్పటికిని అలక్ష్యము చేసినచో పిస్టను పట్టివేయుట, వాల్వులు కాలుట మొదలగు అనర్థములు సంభవించును. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయు పాత టూ స్ట్రోకు బళ్ళలో ఈ అపాయము ఇంకను హెచ్చు. అందు పెట్రోలు తగ్గినచో ఆయిలు కూడ తగ్గును. పదిరూపాయల పెట్రోలు మిగుల్చబోయి వేల రూపాయల ఇంజను పనిని నెత్తిన వేసికొనుట కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లే యగును.

కార్బరేటరు పనిచేయు విధము

ప్రవాహ వేగము పెరిగిన చోట పీడనము తగ్గునని డేనియల్ బెర్నౌలీ 1738లో ప్రకటించిన గ్రంథము వలన మనకు తెలియుచున్నది. నడుమ సన్నబడిన గొట్టమునకు ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురీ పేరు వచ్చినది. ఈ రెండింటి కలయికయే కార్బరేటరు. పిస్టను క్రిందికి దిగునప్పుడు గాలి ఆ ఇరుకు మార్గమున వేగముగా దూసికొనిపోవును. అచట పీడనము తగ్గును. క్రింది గిన్నెలోని పెట్రోలుపై మాత్రము బయటి వాతావరణ పీడనము యథాతథముగా ఉండును. ఆ తేడాయే పెట్రోలును సన్నని రంధ్రముగుండ పైకి నెట్టి తుంపరలుగా గాలిలో కలుపును. ఆ గిన్నెలో ఒక ఫ్లోటు ఉండి, ఇంటిపై నీళ్ళ ట్యాంకులోని బంతివలె, పెట్రోలు మట్టమును ఎల్లప్పుడు సమానముగా ఉంచును.

ఇచట ముఖ్యముగా గ్రహింపదగిన విషయ మొకటి కలదు. మిశ్రమమును నిర్ణయించునది ఒక్క స్క్రూ కాదు. యాక్సిలరేటరు ఎంత త్రిప్పినామో దానినిబట్టి అధికారము ఒక భాగము నుండి మరొక భాగమునకు మారుచుండును. యాక్సిలరేటరు మూసియున్నప్పుడును, ఎనిమిదవ వంతు తెరచువరకును స్లో జెట్టు, దాని ప్రక్కనున్న స్క్రూ పనిచేయును. అచటినుండి నాలుగవ వంతు వరకు స్లైడు అడుగున కోసిన వాలు ప్రభావము చూపును. నాలుగవ వంతు మొదలు ముప్పాతిక వరకు స్లైడుకు వ్రేలాడు నీడిల్ ఏలుబడి. ఆ పైన పూర్తిగా తెరచువరకు మెయిన్ జెట్టుదే పెత్తనము.

కనుక రోడ్డుపై సాగునప్పటి మైలేజీని ప్రధానముగా నిర్ణయించునది నీడిల్. చేతికి అందుబాటులో ఉన్నదని స్క్రూను త్రిప్పినందువలన చేకూరు లాభము బహు స్వల్పము. పైగా ఇంజను నిలకడ చెడి, సిగ్నలు వద్ద ఆగిపోవుటయు, మాటిమాటికి కిక్కు కొట్టవలసివచ్చుటయు జరుగును.

సరిచేయు పద్ధతి

స్క్రూ ముట్టుటకు ముందు కొన్నింటిని పరీక్షింపవలెను. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో నిండినచో మిశ్రమము దానంతట అదే రిచ్ అగును. కార్బరేటరునకు ఇంజనుకు నడుమనున్న రబ్బరు పగిలినచో దొంగగాలి చొరబడి లీన్ అగును. జెట్లలో కచరా ఉన్నచో పెట్రోలుతో కడిగి గాలి కొట్టవలెను. సూదితోగాని తీగతోగాని పొడువరాదు. రంధ్రము వెంట్రుకవాసి పెరిగినను కొలత తప్పును. వాల్వుల సందు, ప్లగ్గు సందు సరిగా ఉన్నవని రూఢి చేసికొనవలెను.

పిదప ఇంజనును పది నిమిషములు నడిపి వేడి చేయవలెను. చోకు పూర్తిగా మూసియుండవలెను. ఈ పనిని ఆరుబయటనే చేయవలెను. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకము.

స్క్రూ ఏ వైపున ఉన్నదో చూచుట తరువాతి పని. స్లైడుకు ఎయిర్ ఫిల్టరు వైపున ఉన్నచో అది గాలిని నియమించు స్క్రూ. దానిని వదులు చేసినచో లీన్, బిగించినచో రిచ్ అగును. ఇంజను వైపున ఉన్నచో అది పెట్రోలును నియమించును; దానిని వదులు చేసినచో రిచ్, బిగించినచో లీన్. ఈ భేదము తెలియక త్రిప్పుటచేతనే పెక్కు బళ్ళు చెడుచున్నవి.

ఇంజను ఆపి స్క్రూను మెల్లగా అంటువరకు బిగించి, అచటినుండి ఒకటిన్నర చుట్లు వదులు చేయవలెను. కంపెనీ పుస్తకమున వేరొక సంఖ్య ఉన్నచో అదియే ప్రమాణము. ఇంజను నడిపి, రేసు స్క్రూతో వేగమును కొంచెము పెంచి, మిశ్రమపు స్క్రూను పావు చుట్టు చొప్పున అటు నిటు త్రిప్పుచు, ప్రతి మారును కొన్ని క్షణములు ఆగి శబ్దమును వినవలెను. ఒక చోట ఇంజను అన్నిటికంటె వేగముగా, నున్నగా పలుకును. అదియే సరియైన స్థానము. పిదప రేసు స్క్రూతో వేగమును తగ్గించి, యాక్సిలరేటరును తటాలున త్రిప్పి చూడవలెను. తడబాటు లేక అందుకొన్నచో పని పూర్తియైనట్లే.

నీడిల్‌పై సాధారణముగా ఐదు గాట్లు ఉండును. క్లిప్పును పై గాటికి మార్చినచో నీడిల్ దిగి మిశ్రమము లీన్ అగును. క్రింది గాటికి మార్చినచో నీడిల్ లేచి రిచ్ అగును. ఒక్కొక్క మారు ఒక్క గాటినే మార్చి, కొంత దూరము నడిపి, ప్లగ్గు చల్లారిన పిమ్మట విప్పి చూడవలెను. లేత గోధుమ రంగు ఆరోగ్య చిహ్నము. నల్లని పొడి మసి రిచ్‌కును, సున్నమువంటి తెలుపు లీన్‌కును సాక్ష్యము.

నేటి పెట్రోలు

ఈ పరిజ్ఞానము నేడు మరింత అవసరమైనది. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాల్ కలుపు విధానము విస్తృతముగా అమలునకు వచ్చినది. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ కలదు. అది మండుటకు తొమ్మిది పాళ్ళ గాలి చాలును. కావున ఈ మిశ్రమ ఇంధనమునకు 14.7 పాళ్ళ బదులు సుమారు 13.5 పాళ్ళ గాలియే కావలెను. కాని శుద్ధ పెట్రోలుకై కొలిచిన పాత జెట్టు వెనుకటి లెక్కనే గాలిని, ఇంధనమును అందించును. అనగా యజమాని ఏ స్క్రూను ముట్టకున్నను పాత బండి కొంత లీన్ అయి ఉన్నదన్న మాట. ఇట్టి స్థితిలో మైలేజీ కొరకు ఇంకను పెట్రోలు తగ్గించుట రోగికి పథ్యము పేర అన్నము మాన్పించుటయే. తడబాటు, అధికమైన వేడి కనబడినచో అనుభవజ్ఞుడైన మెకానిక్కు చేత నీడిల్‌ను ఒక గాటు లేపించుటయో, మెయిన్ జెట్టును ఒక అంకె పెద్దది వేయించుటయో మేలు.

క్రొత్త బళ్ళలో ఆక్సిజన్ సెన్సరు పొగను పరీక్షించి కంప్యూటరునకు వార్త పంపును. అది పెట్రోలును సవరించును. హైదరాబాదు మెకానిక్ దుకాణములలో ఉస్తాదు చెవి ఇంతకాలము చేసిన పని అదియే. ఆయనకు బెర్నౌలీ పేరు తెలియకపోవచ్చును. మనకు ఆ సూత్రము కంఠస్థమైనను స్క్రూ ఏ వైపునకు త్రిప్పవలెనో తెలియదు. ఈ రెండు విద్యలు ఒకచోట చేరవలెనని మా కోరిక. పాత కార్బరేటరు నొకదానిని అడ్డముగా కోయించి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచుటకును, ఏడాది కొకమారు మన పేటలోని ఉస్తాదు నొకరిని పిలిపించి విద్యార్థులకు చేసి చూపించుటకును కళాశాల కమిటీ పెద్దలు ఏర్పాటు చేయుదురుగాక. ఖర్చు స్వల్పము. దానివలన పాఠము అర్థమగును, ఇంట నున్న బండియు పదికాలములపాటు నడచును.