గీత పడితే పూడ్చుకునే ప్లాస్టిక్

ప్రశ్న: గీత పడ్డచోట వెలుతురు తగిలితే మళ్లీ అతుక్కునే ప్లాస్టిక్ ఉందట. అందులో లోహం కలుపుతారట. ప్లాస్టిక్‌లో లోహానికేం పని?

జవాబు: అతికించేది ఆ లోహమే. మామూలు ప్లాస్టిక్ అణువు చాలా పొడవైన గొలుసు. ఆ గొలుసులు ఒకదానికొకటి పెనవేసుకుని ఉంటాయి కాబట్టి కరిగించినా చిక్కగానే ఉంటుంది, సన్నని పగుళ్లలోకి తొందరగా పారదు. ఈ రకంలో గొలుసులు పొట్టివి. ప్రతి గొలుసుకూ రెండు కొసల్లో మూడేసి నైట్రోజన్ పరమాణువులతో లోహాన్ని పట్టుకునే గుంపును తగిలిస్తారు. ఇక్కడ కలిపే లోహం జింక్. దాని అయాన్‌ను ఆరువైపుల నుంచి పట్టుకోవచ్చు. రెండు గొలుసుల కొసలు చెరి మూడు పట్లూ ఇచ్చి దాన్ని మధ్యలో బిగిస్తాయి. టిచ్ బటన్లు నొక్కుకుంటూ పోయినట్టు, పొట్టివన్నీ కలిసి పొడవవుతాయి.

మరి వెలుతురు ఏం చేస్తుంది? స్టువర్ట్ రోవన్, క్రిస్టోఫ్ వీడర్ బృందాలు 2011లో 'నేచర్' పత్రికలో చూపించిన ప్రయోగం చూడండి. అర మిల్లీమీటరు కూడా లేని రబ్బరులాంటి పొర. దాన్ని సగం లోతుకు పైగా కోసి, అతినీలలోహిత కాంతిని 30 సెకన్ల చొప్పున రెండుసార్లు వేశారు. గాటు పూడిపోయింది. జింక్ పట్టు ఉన్నచోటే ఆ కాంతి ఇంకి వేడిగా మారుతుంది. పొర పైభాగం 220 డిగ్రీల సెల్సియస్ దాటింది. ఆ వేడికి పట్లు వదులయ్యాయి, పొట్టి గొలుసులు నూనెలా పారి గాటులోకి దిగాయి. లైటు తీసేయగానే చల్లబడి మళ్లీ పట్టుకున్నాయి.

వేడే కావాలంటే ఓవెన్‌లో పెట్టొచ్చుగా అంటారేమో. పెట్టొచ్చు, కానీ వస్తువంతా మెత్తబడి ఆకారం పోతుంది. వెలుతురైతే పడ్డచోటే పని చేస్తుంది. నన్నడిగితే అసలు తెలివి ఇక్కడే ఉంది.

లోహంతో గొలుసులను కలపడం ప్రయోగశాల సంగతే అనుకోకండి. పళ్ల డాక్టరు అచ్చు తీయడానికి నోట్లో పెట్టే ముద్ద ఈ కుటుంబానిదే. అది గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్. నీళ్లు కలపగానే పొడిలోని కాల్షియం సల్ఫేట్ కరిగి, కాల్షియం అయాన్లు గొలుసులను కలిపి బిగిస్తాయి. వెంటనే బిగిస్తే ట్రే నోటిదాకా వెళ్లేలోపే ముద్ద గట్టిపడుతుంది. అందుకే కొంచెం సోడియం ఫాస్ఫేట్ కూడా వేస్తారు. ముందు వచ్చిన కాల్షియాన్ని అది పట్టేసుకుంటుంది. అది అయిపోయాకే ఆల్జినేట్ వంతు.