చేప బెంగకు పెన్నేరు గడ్డ

చేపకు బెంగ యేమిటని నవ్వేవారు ఉండవచ్చును. నవ్వనక్కర లేదు. వలలో పడి, బుట్టలో ఎగిరెగిరి, లారీ తొట్టిలో కుదుపులు తిని వచ్చిన చేపపిల్ల నెత్తురులో కార్టిసాల్ అనే స్రావం పెరుగుతుంది. మనకు భయం వేసినపుడు ఊరేదీ అదే. దానివెంట నెత్తురులో చక్కెర హెచ్చుతుంది. గండం గడిచేంతవరకు అది మేలే. రోజుల తరబడి దిగకపోతే మాత్రం చేప మేత ముట్టదు, ఎదగదు, రోగాన్ని ఎదిరించే శక్తి ఉడిగిపోతుంది. ఏరోమోనాస్ అనే సూక్ష్మజీవి నీటిలో ఎప్పుడూ ఉండేదే. అదను చూచి అప్పుడు పైబడుతుంది. ఒంటిమీద పుండ్లు కనబడిన తరువాత మందుల దుకాణానికి పరుగెత్తడం మామూలు.

కోవిల్‌పట్టి, విరుదునగరం వైపు మన కుటుంబాలకు ఈ సంగతి పరాయిది కాదు. ఇది నల్లరేగడి సీమ, వానను నమ్ముకున్న సీమ. ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టి, 2021లో కన్నుమూసిన కి. రాజనారాయణన్ తమిళంలో ఇన్ని కథలల్లింది ఈ కరిసల్ మట్టిని గురించే గదా! ఐప్పసి, కార్తిక మాసాలలో కురిసే వానే ఇక్కడి కణ్మాయిలకు ఆధారం. నీరు నిండగానే బొచ్చె, శీలావతి, మోసు పిల్లలను విడుస్తారు. పంగుని వచ్చేసరికి నీరు సగమై, పెరిగిన చేపలు అందులోనే క్రిక్కిరిసిపోతాయి. 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో లీటరు నీటిలో ఇమిడే ప్రాణవాయువు సుమారు 7.5 మిల్లీగ్రాములే. రాత్రంతా పాచీ, చేపలూ దానినే పీల్చుకోగా, తెల్లవారుజామున అది మూడు కన్న తగ్గిందంటే చేపలు నోళ్లు తెరుచుకొని పైకి తేలుతాయి.

రోగం రాకముందే విచ్చలవిడిగా ఆంటీబయాటిక్కులు మేతలో కలిపితే, వాటికి లొంగని క్రిములు పుట్టుకొస్తాయి. మందు శేషం మన కంచంలోకీ వస్తుంది. అందుచేతనే శాస్త్రజ్ఞులు మూలికలవైపు తిరిగారు. తులసి ఆకు సారాన్ని జిలేబి చేపలకు సూదితో ఎక్కించగా అవి ఏరోమోనాస్‌ను మెరుగుగా తట్టుకొన్నవని 2000 సంవత్సరంలో ఒక పత్రం వెలువడింది. కాని చెరువెడు చేపలకు సూది వేసే రైతెవరు? 2010లో వెలువడిన మరొక పత్రం మనకు ఎక్కువ పనికి వస్తుంది. అశ్వగంధ వేరు పొడిని కిలో మేతకు 1, 2, 3 గ్రాముల చొప్పున కలిపి శీలావతి పిల్లలకు పెట్టి చూచారు. బాగా పనిచేసినది 2 గ్రాముల పాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ గుణమనే మన పాత నమ్మకం ఇక్కడ చెల్లలేదు.

అశ్వగంధ అంటే మన పెన్నేరు గడ్డే. నాట్టుమందు అంగడిలో అముక్కరా అని అడిగితే ఇస్తారు. తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్లలో ఉడికించి, చల్లారిన తరువాతనే పొడి కలపవలెను. క్వింటాలుకు 200 గ్రాములు. ముద్దలు చేసి నీడన ఆరబెట్టాలి. చెక్కకు ఇక్కడ కొదువేమిటి? విరుదునగరం నూనె వ్యాపారానికీ, కోవిల్‌పట్టి కడలై మిఠాయికీ పేరుపడ్డ ఊళ్లాయె. పొడిని మాత్రం తెలిసిన అంగడిలోనే కొనాలి, కల్తీ ఎక్కువ. వేపను తులసివలె నిరపాయమని తలచి నీటిలో గుమ్మరించరాదు. మోతాదు మించితే వేప చేపలకు విషమే.

ఈ పొడి ఒక్కనాటిలో పనిచేసేది కాదు. ఎండలు ముదరక ముందే, కొన్ని వారాలపాటు మేతతో పెడుతూ రావాలి. అదీగాక, వేరు పొడి నీటిలో ప్రాణవాయువును పుట్టించలేదు. చేపలు తేలుతున్న ఉదయాన మూలిక మేతైనా, ఉత్త మేతైనా వేయకూడదు. ముందు క్రొత్త నీరు పెట్టాలి. నీరు లేకుంటే పెద్ద చేపలను పట్టి సంతకు పంపి, మిగిలినవాటికి చోటు చేయాలి.