మాత్ర మొదలైన తొలి వారాలే కీలకం

ఆందోళనతో బాధపడే పిల్లలను కనిపెట్టుకుని ఉండాలి
సొంతంగా మానిపిస్తే ముప్పే

వెంగళరావు నగర్‌: పరీక్ష అనగానే గుండెదడ, నలుగురిలో నోరు పెగలకపోవడం, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం... ఇవి నెలల తరబడి వేధించి చదువుకు అడ్డు తగిలితే ఆందోళన రుగ్మతగా అనుమానించాలి. వెంగళరావు నగర్‌ను ఆనుకొని ఉన్న ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం పేరు వింటేనే నేటికీ వెనుకాడే కుటుంబాలున్నాయి. ధైర్యం చేసి వైద్యునికి చూపించిన వారిలోనూ కొందరు వారం తిరగకుండానే మాత్రలు మానిపిస్తున్నారు. రెండూ పిల్లలకు చేటు చేసేవే.

ముందు ఇబ్బంది, తర్వాత గుణం

కుంగుబాటుకు వాడే ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్‌ వంటి మందులనే ఆందోళనకూ ఇస్తారు. ఇవి మెదడులో సెరటోనిన్‌ అనే రసాయనం లభ్యతను పెంచుతాయి. గుణం కనిపించడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి, విరేచనాలు, ఆకలి మందగించడం, నిద్రలో తేడాలు మాత్రం తొలి రోజుల్లోనే మొదలవుతాయి. అందుకే మందు వికటించిందని తల్లిదండ్రులు భయపడతారు. చాలామందిలో ఈ ఇబ్బందులు ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతాయి. ఆహారం తీసుకున్నాక మాత్ర వేసుకుంటే వికారం తగ్గుతుంది.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

ఒక్కచోట కూర్చోలేకపోవడం, మునుపెన్నడూ లేని చికాకు, కోపం, నిద్ర లేకున్నా అమితోత్సాహం, చావు గురించిన మాటలు కనిపిస్తే వెంటనే వైద్యునికి తెలపాలి. ఈ మందులపై పిల్లల విషయంలో తీవ్ర హెచ్చరిక ముద్రించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో ఆదేశించింది. 2007లో దానిని 24 ఏళ్ల వయసు వరకు విస్తరించింది. 4,400 మందికి పైగా పిల్లలపై జరిగిన 24 పరీక్షలను ఆ సంస్థ పరిశీలించింది. ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు మందు వాడినవారిలో నూటికి నలుగురిలో, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో ఇద్దరిలో కనిపించాయి. ఆ పరీక్షల్లో ఆత్మహత్యతో ఎవరూ మరణించలేదు. ఇది హెచ్చరికే తప్ప నిషేధం కాదు. మందు మొదలుపెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు పిల్లలను ఒంటరిగా వదలరాదన్నదే దీని సారాంశం. హాస్టల్‌లో ఉండే విద్యార్థులకు ఇది మరీ ముఖ్యం.

కౌన్సెలింగ్‌ తోడైతే మేలు

ఆందోళనతో బాధపడుతున్న 7 నుంచి 17 ఏళ్ల వయసు వారు 488 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనం ఫలితాలు 2008లో వెలువడ్డాయి. సెర్ట్రలిన్‌ ఒక్కటే వాడినవారిలో 55 శాతం, కౌన్సెలింగ్‌ మాత్రమే పొందినవారిలో 60 శాతం, రెండూ అందినవారిలో 81 శాతం మంది బాగా మెరుగుపడ్డారు.

హఠాత్తుగా ఆపరాదు

నయమైందని ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, చికాకు, కరెంటు షాక్‌ తగిలినట్లు ఒళ్లు జలదరించడం వంటివి తలెత్తవచ్చు. వైద్యుని సలహాతో మోతాదు క్రమంగా తగ్గించుకోవాలి. పాత చీటీతో దుకాణంలో కొని వాడటం, ఒకరి మందు మరొకరికి ఇవ్వడం ప్రమాదకరం.

సందేహాలున్నవారు 2022లో కేంద్రం ప్రారంభించిన టెలిమానస్‌ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్‌ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.