290 వాట్ల ఆట

సోమవారం ఎడిటర్ గారు ఫోన్‌లో చెప్పింది ఒక్క ముక్క. సెలవుల సంచిక ముఖచిత్ర కథనానికి, పాత ఆఫీసు కంప్యూటర్‌ను గేమింగ్‌కు సిద్ధం చేయడం గురించి రాయాలి, గురువారం సాయంత్రానికి కాపీ అందాలి. మంగళవారం పొద్దున్నే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అందరి నోటా సీటీసీగా పలికే చోటికి, వెళ్లాను. ప్రాసెసర్ల గురించి నాలుగు పేజీలు రాసుకు రావాలనుకున్నాను. తీరా చూస్తే రెండు రోజులూ ఒక స్టిక్కర్ చుట్టూనే తిరిగాను.

దుకాణం ముందు నల్లటి టవర్లు ఛాతీ ఎత్తున పేర్చి ఉన్నాయి. డెల్ ఆప్టిప్లెక్స్ 9020లు. పదేళ్ల కింద ఏదో కంపెనీలో వరసగా కూర్చుని పనిచేసినవి. ఆస్తి నంబర్ల చీటీలు సగం పీకి, సగం అలాగే వదిలేశారు. నాకు ఈ డబ్బాలంటే మొదటినుంచీ అభిమానం. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, ఒక మీట లాగితే పక్క మూత ఊడి చేతికొస్తుంది. పదేళ్లు రోజుకు ఎనిమిది గంటలు నడిచినా బోర్డు గట్టిగా నిలబడి ఉంటుంది.

“ఏ కార్డు ఏస్తరు సార్?” అన్నాడు రిపేరు బల్ల దగ్గరున్న కుర్రాడు. గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1060 అన్నాను. మాట్లాడకుండా మూత తీశాడు. ఫోను వెలుగు లోపలికి పట్టి, డబ్బా అంతటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఒంటిమీదున్న స్టిక్కర్ చూపించాడు.

“ముందుగాల ఇది చదువుండ్రి. కార్డు సంగతి తర్వాత.”

దానిమీద 290 వాట్లు అని ఉంది.

లెక్క వేసి చూశాను. లోపలున్న ఐ5-4590 ప్రాసెసర్‌కు ఇంటెల్ పెట్టిన హద్దు 84 వాట్లు. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఓ 50 అనుకుందాం. ఇంకా 156 మిగులుతాయి. 1060కి కావలసింది 120. సరిపోతుంది కదా అన్నాను. కానీ చిక్కు వాట్లలో లేదు, తీగలో ఉంది. మదర్‌బోర్డు మీది పొడుగాటి స్లాట్ గ్రాఫిక్స్ కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లే ఇస్తుంది. అంతకుమించి తాగే కార్డుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా ఆరు పిన్నుల తీగ రావాలి. ఈ డబ్బాలో ఆ తీగ లేదు.

కుర్రాడు సొరుగు లాగి ఓ చిన్న అడాప్టర్ బల్లమీద పెట్టాడు. హార్డ్ డిస్కుకు వెళ్లే సాటా కరెంటును ఆరు పిన్నులుగా మార్చే తీగ అది. దాని ఒక కొస కరిగి నల్లటి ముద్దయింది. ఎందుకలా అయిందో కూర్చుని ఆరా తీశాను. సాటా కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులుంటాయి. ఒక్కోటి ఒకటిన్నర ఆంపియర్లు మోస్తుంది, అంటే మొత్తం 54 వాట్లు. ఆరు పిన్నుల తీగ నుంచి కార్డు 75 వాట్ల దాకా లాగవచ్చు. 54 మోసేదాని నెత్తిన 75 పెడితే ప్లాస్టిక్ కరక్క ఏం చేస్తుంది?

ఈ మోడల్‌లో ముప్పు ఇంకో మెట్టు ఎక్కువ. 9020 ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టులు మాత్రమే ఇస్తుంది. డిస్కులకు కావలసిన 5, 3.3 వోల్టులను మదర్‌బోర్డే తయారు చేసుకుని, డిస్కుల తీగలను కూడా తనలోంచే పంపుతుంది. అంటే ఆ అడాప్టర్ లాగే కరెంటంతా బోర్డు గుండానే పోతుంది. “కాలితే బోర్డే కాలుతది సార్, డబ్బా మొత్తం పోతది” అన్నాడు కుర్రాడు. కొన్ని రూపాయల తీగ కోసం మొత్తం యంత్రాన్ని పణం పెట్టొద్దని నేనూ గట్టిగా చెబుతున్నాను.

ఎస్‌ఎంపీఎస్‌నే మార్చేస్తే? మామూలు ఎస్‌ఎంపీఎస్‌కు 24 పిన్నుల ప్లగ్గు ఉంటుంది, 9020 బోర్డుకు ఎనిమిదే. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చే తీగ బజార్లో దొరుకుతుంది, టవర్ రకంలో మామూలు సైజు ఎస్‌ఎంపీఎస్ పడుతుంది కూడా. అలా చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. మొదటిసారి మూత తీస్తున్నవాళ్లకు మాత్రం 75 వాట్ల లోపు కార్డే నా సలహా. 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ, 2019 నాటి జీటీఎక్స్ 1650, 2024లో వచ్చిన ఆరు జీబీల ఆర్‌టీఎక్స్ 3050. ఈ మూడూ స్లాట్ కరెంటుతోనే నడిచే రకాల్లో దొరుకుతాయి. ఆ పేర్లతోనే అదనపు తీగ అడిగేవీ ఉన్నాయి, కాబట్టి కార్డు పైఅంచున పిన్నులున్నాయేమో చూసి తీసుకోండి. చాలాసార్లు కార్డు ధర డబ్బా ధరను మించిపోతుంది.

నేనక్కడ ఉండగానే ఇంటర్ చదివే అబ్బాయి నాన్నను వెంటబెట్టుకుని వచ్చాడు.

“అన్నా, జీటీఏ ఫైవ్ నడుస్తదా?”

“మంచిగ నడుస్తది తమ్మీ.”

మాట వరసకు అన్నది కాదది. 2015 ఏప్రిల్‌లో ఆ గేమ్ కంప్యూటర్లకు వచ్చినప్పుడు దాని తయారీదారు రాక్‌స్టార్ సిఫారసు చేసిన ప్రాసెసర్ ఐ5-3470. 2012 నుంచి ఆఫీసు బల్లల కింద ఉన్నది అదే. అప్పుడు సిఫారసు చేసిన కార్డు జీటీఎక్స్ 660 మాత్రం 140 వాట్లు తాగేది. ఇప్పుడు దాన్ని మించి ఆడించే 1650కి 75 చాలు. అప్పట్లో ఈ డబ్బాలకు తక్కువైంది అంత సత్తా ఉండి తక్కువ కరెంటుతో నడిచే కార్డే. ఆ అబ్బాయికి 16 జీబీ ర్యామ్‌ను రెండు ఎనిమిదులుగా వేశారు. రెండు కడ్డీలు జతగా ఉంటే ప్రాసెసర్‌కు డేటా రెండు దారుల్లో అందుతుంది. హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టారు.

చరిత్ర రెండు ముక్కల్లో: ఆప్టిప్లెక్స్ పేరు 1993లో మొదలైంది, 2025లో డెల్ ఆ పేరుకు స్వస్తి చెప్పింది. ఆఫీసు డబ్బాలో గేమింగ్ కార్డు వేసే అలవాటు 2014 ఫిబ్రవరిలో, 60 వాట్ల జీటీఎక్స్ 750 టీఐ వచ్చాక ఊపందుకుంది.

విండోస్ సంగతి
విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే. ఇన్ని డబ్బాలు ఒక్కసారిగా బజార్లోకి రావడానికి అదో పెద్ద కారణం. విండోస్ 11లో వాలొరంట్ గేమ్ ఆడాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఈ డబ్బాల్లో అది లేదు. ఆ గేమే కావాలనుకునేవాళ్లు ఈ పాత డబ్బా జోలికి పోకండి.

ప్రాసెసర్ మూడో తరమా, నాలుగోదా?
నాలుగోదే. ఏవీఎక్స్2 అనే ఆదేశాల వరస అందులోనే మొదలైంది, అది లేకపోతే కొన్ని కొత్త గేములు అసలు తెరుచుకోవు. డబ్బా కూడా టవరే కొనండి. స్లిమ్ రకంలో పొట్టి కార్డులే పడతాయి.

కొనేటప్పుడు
తెరమీద “టైమ్ ఆఫ్ డే నాట్ సెట్” అని వస్తే భయపడకండి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మారిస్తే చాలు. కార్డు వేశాక మానిటర్ తీగను కార్డుకే తగిలించండి, బోర్డుకు కాదు. డబ్బు చేతిలో పెట్టేముందు మూత తీయించి ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీ కళ్లతో చదవండి, ఫొటో తీసుకోండి. మూత తీయనివ్వని దుకాణంలో కొనకండి.