మౌస్ ఎవరి చేతిలో ఉంది?

ఒకప్పుడు కంప్యూటర్ కోర్సంటే డిగ్రీ పూర్తయ్యాక అమీర్‌పేట బస్సెక్కడమే. ఇప్పుడు పలకా బలపం పక్కన పెట్టీ పెట్టగానే కోడింగ్ క్లాసులు! వేసవి సెలవులొస్తున్నాయంటే చాలు... కరపత్రాలు, ఫోన్లు, మెసేజీలు. ‘ఇప్పుడు నేర్పించకపోతే మీ పిల్లలు వెనకబడిపోతారు’ అన్న బెదిరింపు మాత్రం ఉచితం.

నిజానికి అంత కంగారు అక్కర్లేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం కోడింగ్‌ను మొదలుపెట్టమన్నది ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య. అంతకుముందు నేర్చుకోకూడదని కాదు. ఆలస్యమైపోతోందన్న భయంతో చేర్పించాల్సిన పనిలేదనే.

ఆ భయాన్నే అమ్ముకునే ప్రకటనలతో జాగ్రత్త. భారత ప్రకటనల ప్రమాణాల మండలి చెప్పడంతో ఓ పెద్ద ఆన్‌లైన్ కోడింగ్ సంస్థ 2020లో అయిదు ప్రకటనల్ని వెనక్కి తీసుకుంది. కోట్ల జీతం కొట్టేశాడంటూ ఆ సంస్థ ఊదరగొట్టిన పిల్లాడు కల్పిత పాత్రేనని తర్వాత తేలింది!

ఏ వయసుకి ఏది?

అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలకి స్క్రాచ్‌జూనియర్ ఉంది. బొమ్మల్ని కదిలిస్తూ కథలు అల్లుకోవచ్చు. ఎనిమిదేళ్లు దాటితే స్క్రాచ్. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసింది. రంగురంగుల దిమ్మెల్ని ఒకదాని కింద ఒకటి పేరిస్తే తెరమీద పిల్లి నడుస్తుంది, గెంతుతుంది, మాట్లాడుతుంది. హైస్కూలు పిల్లలు పైథాన్ మొదలుపెట్టొచ్చు. సీబీఎస్‌ఈ పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లో ఉన్నదీ అదే.

ఇవన్నీ ఉచితంగా దొరికేవే. అంటే మీరు కట్టే ఫీజు సాఫ్ట్‌వేర్‌కి కాదు, చెప్పే గురువుకి. అందుకే ‘ఏం నేర్పుతారు’ అనేదానికన్నా ‘ఎవరు, ఎలా నేర్పుతారు’ అన్నదే ముఖ్యం.

పక్కన కూర్చోండి

ట్రయల్ క్లాసు అవగానే ‘మీ పాప గంటలో గేమ్ తయారుచేసింది’ అంటారు. సంబరపడేముందు ఆ గంటసేపూ పక్కనే కూర్చుని చూడండి. ‘ఇక్కడ నొక్కు... దీన్ని అక్కడికి లాగు’ అని టీచర్ చెబుతుంటే పాప చేసింది చూచిరాతే. మౌస్ చేతిలో ఉంటే చాలదు, ఆలోచన కూడా తనదై ఉండాలి.

క్లాసయ్యాక చిన్న పరీక్ష పెట్టండి. ‘పిల్లి పది అడుగులకి బదులు ఇరవై వేయాలి. అంచు తగిలితే వెనక్కి తిరగాలి’ అనండి. కాసేపు తంటాలుపడి అయినా చేసిందా, టీచర్ బాగా చెప్పినట్టే.

ప్రోగ్రామ్ పనిచేయనప్పుడు టీచర్ ఏం చేస్తున్నారో గమనించండి. గబుక్కున తానే సరిచేసేస్తే పిల్లలకి మిగిలేదేమీ లేదు. ‘ఎక్కడిదాకా సరిగ్గా పనిచేసింది?’ అని అడిగి, వాళ్లచేతే తప్పు పట్టించే టీచర్ దొరికితే వదులుకోవద్దు. ఇంగ్లిష్ అంతగా రాని పిల్లలకైతే విషయం తెలుగులో విడమరిచి చెప్పేవారు మరీ మేలు.

టీనేజర్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. హోంవర్క్ ప్రోగ్రామ్‌ని ఏఐ చాట్‌బాట్ క్షణాల్లో రాసిచ్చేస్తుంది. అందుకే ఒక్కో లైను ఏం చేస్తుందో పిల్లలచేత నోటితో చెప్పించే క్లాసే క్లాసు.

సంతకానికి ముందు

ఏడాది ఫీజు ఒకేసారి కట్టేకన్నా నెలనెలా కట్టే చోటు నయం. ‘సులభ వాయిదాలు’ అంటే చాలాసార్లు ఫైనాన్స్ సంస్థ మీ పేరిట ఇచ్చే అప్పు. పిల్లలు మధ్యలో మానేసినా, ఆ స్కూలే మూతపడినా వాయిదాలు ఆగకపోవచ్చు. కాబట్టి కాగితాలు పూర్తిగా చదవండి. వీటికి మాత్రం రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

* ట్రయల్ క్లాసు చెప్పిన టీచరే చివరిదాకా చెబుతారా?
* బ్యాచ్‌లో ఎంతమంది పిల్లలు?
* మానేస్తే ఎంత డబ్బు, ఎన్నిరోజుల్లో వెనక్కిస్తారు?
* తప్పిన క్లాసు మళ్లీ చెబుతారా?

మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

అసలు డబ్బు కట్టకముందే ఓ పని చేయండి. రెండు ఆదివారాలు ఇంట్లోనే స్క్రాచ్ తెరిచి పిల్లల ముందు పెట్టండి. మూడో ఆదివారం మీరు చెప్పకుండానే వాళ్లు దాని దగ్గరికి వెళ్తే అప్పుడు మంచి స్కూలు వెతకండి. వెళ్లకపోతే... చదరంగమో, బొమ్మలు గీయడమో, క్రికెట్టో! ఇష్టం పుడితే కోడింగ్ పదిహేనేళ్లకైనా నేర్చుకోవచ్చు.