కేసు వాళ్లు పెట్టినా ప్లీడరును మనమే ఎంచుకోవాలి

దివిసీమలో ఒక ఊరు. పేరు రాయడం లేదు. రాస్తే అక్కడి కూలీలకే ఇబ్బంది. కోతలప్పుడు కూలి పెంచమని పట్టుబట్టి సాధించుకున్నారు. మోతుబరి పైకి నవ్వాడు గాని మనసులో పెట్టుకున్నాడు. నెల తిరక్కుండానే, రాత్రిపూట ఆయన చెరువులో దిగి చేపలు పట్టుకుపోయారని ముగ్గురు కూలీల మీద కేసు పడింది.

ఆ సాయంత్రమే ఊరి పెద్దమనిషి ఒకాయన పేటకు వచ్చాడు. "ఒరే అబ్బాయిలూ, భయపడకండి. ప్లీడరును నేను మాట్లాడతాను" అన్నాడు. "అంతా మీ చేతుల్లోనే ఉందయ్యా" అన్నారు వీళ్లు. ప్లీడరు వచ్చి వకాల్తా మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. కేసు కాగితంలో ఏముందో ఒక్క ముక్క చదివి వినిపించలేదు. కోర్టు వరండాలో మాత్రం, "ఒప్పేసుకోండి, జరిమానాతో పోతుంది" అన్నాడు. ఒప్పుకున్నారు. జరిమానా డబ్బు మోతుబరే సర్ది, తర్వాత కూలిలో పట్టుకున్నాడు.

మరుసటి ఏడు మళ్లీ కూలి తగాదా వచ్చింది. పోలీసులు ముందుగా వచ్చింది ఆ ముగ్గురి గుడిసెలకే. ఇప్పుడు వాళ్లు రికార్డులో శిక్షపడ్డ నేరస్తులు. చేపలు ఎవరు పట్టారో ఈనాటికీ తేలలేదు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. కేసు పడ్డ రోజునే వెళ్లవలసినవాళ్లం, వాళ్లు నేరం ఒప్పుకున్న తర్వాత వెళ్లాం. "మన ప్లీడరే గదా చెప్పింది, అందుకే ఒప్పుకున్నాం" అని వాళ్లలో పెద్దవాడు అంటే మా దగ్గర జవాబు లేకపోయింది. అతను వాళ్ల ప్లీడరు కాదు, తెచ్చినవాడి ప్లీడరు. మనం నేర్చుకోవలసింది ఇదే.

మొదటి రోజే కావాలి

ప్లీడరు కోర్టులో వాదించడానికే గదా, వాయిదా నాటికి చూద్దాంలే అనుకుంటాం. అది పొరపాటు. కేసు సగం ఠాణాలోనే తయారవుతుంది. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలని, తనకు నచ్చిన ప్లీడరును సంప్రదించనివ్వాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. ప్రయాణకాలం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. ప్లీడరు విచారణ పొడుగునా పక్కన కూర్చోలేకపోయినా, విచారణ జరుగుతుండగా ఆయనను కలుసుకునే హక్కు అందులోనూ ఉంది. ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాలలో కేసు పడిందన్న ఒక్క కారణంతో అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. అయితే ఈ మాట ఠాణాలో ఎత్తే మనిషి ఉండాలి గదా!

ప్లీడరు వచ్చేదాకా ఖాళీ కాగితం మీద సంతకంగాని, వేలిముద్రగాని పెట్టొద్దు. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. కాని మనం చెబితేనే సొత్తు దొరికిందని రాసుకుంటే, ఆ ముక్క మన మెడకు చుట్టుకుంటుంది.

ఎట్లాంటి ప్లీడరు?

పేరుమోసినవాడే కావాలని లేదు. నాలుగు సంగతులు చూడండి.

ఒకటి, ఆయనను ఎవరు తెచ్చారు, ఫీజు ఎవరు ఇస్తున్నారు? మన మీద కేసు పెట్టినవాడి భూమి దావాలు చూసే ప్లీడరు మన పక్షాన గట్టిగా నిలబడలేడు.

రెండు, క్రిమినల్ కేసులు నడుపుతున్నాడా? ఉదాహరణకు, మనిషి రిమాండులో ఉండగా 60 రోజుల్లో, పదేళ్లు అంతకు పైబడి శిక్షపడే నేరాలైతే 90 రోజుల్లో, పోలీసులు చార్జిషీటు వేయకపోతే బెయిలు మన హక్కు అవుతుంది. కాని అడగాలి. అడిగేలోగా చార్జిషీటు పడిందా, ఆ హక్కు పోయినట్లే. రోజులు లెక్కపెట్టుకునే ప్లీడరు కావాలి.

మూడు, ఎఫ్.ఐ.ఆర్. కాపీ తెప్పించి, మనకు అర్థమయ్యే తెలుగులో విడమరచి చెబుతున్నాడా? మనం చెప్పేది వింటున్నాడా?

నాలుగు, "తప్పకుండా గెలిపిస్తా" అన్నవాణ్ణి నమ్మొద్దు. గెలిస్తే ఇంత అని ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడటం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం.

ప్లీడరు పని నచ్చకపోతే మార్చుకోవచ్చు. వకాల్తా ఇచ్చామంటే జన్మంతా కట్టుబడినట్లు కాదు.

డబ్బు లేకపోతే

1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, స్త్రీలకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును ఇవ్వాలి. మిగిలిన పేదలకు ఆదాయ పరిమితి ఉంటుంది. మచిలీపట్నంలో జిల్లా సంస్థ ఉంది. గుడివాడ, అవనిగడ్డ కోర్టుల దగ్గర మండల కమిటీలు ఉన్నాయి. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. సర్కారు ప్లీడరు గదా అని చిన్నచూపు వద్దు. పైన చెప్పిన ప్రశ్నలే ఆయననూ అడగండి. డబ్బు అడిగితే ఆ సంస్థకే ఫిర్యాదు రాయండి.

ఈ హక్కు ఎవరి దయవల్లో రాలేదు. 1949లో తెలంగాణ రైతాంగ పోరాటంలో పట్టుబడిన పన్నెండుమందికి ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఉరిశిక్ష వేశాయి. వాళ్ల తరఫున వాదించడానికి ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. వకీలు లేకుండానే విచారణ జరిపారన్నది ఆ వాదనల్లో ఒకటి. వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని 1951లో సుప్రీంకోర్టు అన్నది. చివరకు ప్రజల ఆందోళన తోడై ఉరి తప్పి యావజ్జీవమైంది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో, పేద ముద్దాయికి ప్లీడరును ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అన్నది అదే కోర్టు. 1986లో సుఖ్‌దాస్ కేసులో, ఆ హక్కు ఉందని చెప్పకుండా పేదవాడికి వేసిన శిక్షను కొట్టివేసింది. ఆ ఒక్క మాట కోర్టు నోట రావడానికి 35 ఏళ్లు పట్టింది.

అందుకని ప్రతి ఊళ్లో సంఘం ఇప్పుడే, కేసులు లేనప్పుడే, క్రిమినల్ కేసులు చూసే ఇద్దరు ప్లీడర్లతో మాట్లాడి పెట్టుకోవాలి. వాళ్ల ఫోను నంబర్లు పేటలో అందరికీ కనిపించే గోడ మీద రాయాలి. పోలీసులు వచ్చిన గంట, తీసుకుపోయిన గంట, పేర్లు ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. చదువు వచ్చిన ఆడపిల్లలు మన పేటల్లో ఉన్నారు. ఆ పుస్తకం వాళ్ల చేతికివ్వండి.

ఈసారి పెద్దమనిషి వచ్చి "ప్లీడరును నేను చూస్తాలే" అంటే, "వద్దు బాబూ, మాకు మా ప్లీడరున్నాడు" అని చెప్పగలగాలి. కూలి రేటు అడిగిన నోటికి ఇది పెద్ద మాట కాదు.