మీకు తెలుసా? పాస్‌వర్డ్‌కు తోడు రెండో తాళం

● కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టే అలవాటు 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైంది. ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకునేవారు కాబట్టి, ఎవరి ఫైళ్లు వారికే కనబడాలని ఫెర్నాండో కోర్బాటో బృందం ఈ ఏర్పాటు చేసింది. దొంగతనానికీ ఎంతోకాలం పట్టలేదు. వారానికి ఇచ్చిన నాలుగు గంటల సమయం చాలక, అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి 1962లో పాస్‌వర్డ్‌ల ఫైలు మొత్తాన్నీ ప్రింటు తీసేసుకున్నాడు!

● 1966లో అక్కడే మరో విచిత్రం. రెండు ఫైళ్లు తారుమారై, లాగిన్ అయినవారికి ఆ రోజు సందేశం బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా కనిపించింది.

● పాస్‌వర్డ్ తెచ్చిపెట్టిన పెద్దమనిషికే అవి గుర్తుండేవి కావు. తన పాస్‌వర్డ్‌లన్నీ మూడు పేజీల్లో రాసిపెట్టుకున్నట్టు 2014లో కోర్బాటోనే చెప్పారు.

● 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. వాటిలో అన్నింటికంటే ఎక్కువమంది పెట్టుకున్నది... 123456.

● ఇంటికీ, బీరువాకీ, బండికీ ఒకే తాళంచెవి ఉంటే? అన్ని ఖాతాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టడమూ అంతే. ఒక సైటు నుంచి పోయిన పాస్‌వర్డ్‌ను దొంగలు మిగతా సైట్లన్నింటిలోనూ ప్రయత్నిస్తారు. 2012లో ఒక డ్రాప్‌బాక్స్ ఉద్యోగి ఖాతా ఇలాగే, వేరేచోట దొంగిలించిన పాస్‌వర్డ్‌తో తెరుచుకుంది.

● పాస్‌వర్డ్ మేనేజర్ అనే యాప్ ప్రతి ఖాతాకూ వేరే పాస్‌వర్డ్ తయారుచేసి దాచిపెడుతుంది. మనం గుర్తుంచుకోవాల్సింది దాన్ని తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే. ఇంకో మేలూ ఉంది. బ్యాంకు సైటును అచ్చుగుద్దినట్టు పోలిన నకిలీ సైటుకు మన కళ్లు మోసపోవచ్చు. మేనేజర్ మాత్రం రూపం కాదు, చిరునామా చూస్తుంది. అది తేడాగా ఉంటే పాస్‌వర్డ్ దానంతటది నింపదు.

● బ్యాంకు లాకర్ తెరవాలంటే మన తాళంచెవితో పాటు బ్యాంకుదీ కావాలి. మల్టీ ఫ్యాక్టర్ అథెంటికేషన్ కూడా అలాంటిదే. మనకు తెలిసినది (పాస్‌వర్డ్), మన దగ్గర ఉన్నది (ఫోన్), మన ఒంటిది (వేలిముద్ర)... వీటిలో కనీసం రెండు రకాలు ఉండాలి. రెండు పాస్‌వర్డ్‌లు పెడితే అవి రెండూ ఒకే రకం.

● ఫోన్‌ను రెండో తాళంగా మార్చే అథెంటికేటర్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే అంకెలకు ఇంటర్నెట్ అక్కర్లేదు! మొదట క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడే ఒక రహస్య సంఖ్య ఫోన్‌లోకి చేరుతుంది. దాన్నీ అప్పటి సమయాన్నీ కలిపి ఫోనూ, సైటూ ఎవరికివారే ఒకే లెక్క వేస్తాయి. అందుకే ఫోన్ గడియారం బాగా తప్పితే కోడ్ పనిచేయదు. సిమ్‌తో పని లేదు కాబట్టి, మన నంబరును వేరే సిమ్‌కు మార్పించుకునే మోసగాళ్లకూ ఇది దొరకదు.

● ఆన్‌లైన్‌లో కార్డుతో చెల్లించేటప్పుడు కార్డు మీద కనిపించని మరో వివరం అడగాలని ఆర్‌బీఐ 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేసింది. ఇప్పుడు మనకొచ్చే ఓటీపీ దాని చలవే. అయితే చాలా ఖాతాల పాస్‌వర్డ్ మార్చుకునే లింకు వచ్చేది ఈమెయిల్‌కే. అది పోతే మిగతావన్నీ దాని వెంటే పోతాయి. కార్డుకు రెండో తాళం ఆర్‌బీఐ వేయించింది. ఈమెయిల్‌కు మనమే వేసుకోవాలి.